పెరటి బఠాణీకి పూతలోనే కాపలా

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా ఉరవకొండ. పెరట్లో బావి పక్కన రెండు చాళ్లు బఠాణీ వేశాను. నవంబరు మొదటి వారంలో విత్తాను. తీగ బాగా సాగింది, పూత కూడా నిండుగా ఉంది. కానీ కాయలు ఒలిస్తే నాలుగింట ఒకదానిలో పచ్చపురుగు ఉంటోంది. కాయ మీద గుండ్రని రంధ్రం, లోపల సగం కొరికిన గింజలు, తడి తడిగా పురుగు పెంట. మొన్న మా మనవడు తానే ఒలుచుకుంటానని ముచ్చటపడి కూర్చున్నాడు. మొదటి కాయలోనే పురుగు కనబడేసరికి పళ్లెం వదిలేసి లేచిపోయాడు. అప్పటి నుంచి బఠాణీ ముట్టడం లేదు. మందుల దుకాణంలో అడిగితే ఒక చిన్న సీసా ఇచ్చారు. దాని మీద మోనోక్రోటోఫాస్ అని ఉంది. ఇంకా మూత తీయలేదు, వంటింటి అలమరలో పై అరలో పెట్టాను. చల్లవచ్చా? లేత చిగుళ్ల మీద ఆకుపచ్చ పేను కూడా పట్టింది. మరో సంగతి, పోయిన ఏడు విత్తనానికని డబ్బాలో దాచిన బఠాణీలన్నీ పుచ్చిపోయాయి. అదీ ఈ పురుగు పనేనా?

సమాధానం: అమ్మా, పురుగు సంగతి తరువాత మాట్లాడుకుందాం. ముందు ఆ సీసా. చదవడం ఇక్కడే ఆపి లేచి, దాన్ని వంటింట్లోంచి బయటికి తీయండి. చేతికి పాలిథిన్ సంచి తొడుక్కుని పట్టుకోండి. తినే వస్తువులు లేని చోట, పిల్లలకు అందకుండా తాళం వేసి పెట్టండి. సబ్బుతో చేతులు కడుక్కుని వచ్చి మిగిలింది చదవండి.

ఇంత తొందర పెట్టడానికి కారణం ఉంది. 2013 జూలైలో బీహార్‌లోని సారణ్ జిల్లాలో, గండామన్ అనే ఊరి బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. ఆ వంటలో చేరిన విషం ఇదే మోనోక్రోటోఫాస్. మీరు పై అరలోనే పెట్టి ఉండవచ్చు, మూత బిగించే ఉండవచ్చు. అయినా పప్పు డబ్బాలు, నూనె సీసాలు ఉన్న గదిలో దానికి చోటు ఉండకూడదు.

సీసా మీద ఎర్ర త్రిభుజం ఉంటుంది చూడండి. మన దేశంలో పురుగుమందుల విషతీవ్రతను ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ అనే నాలుగు రంగుల్లో చెబుతారు. ఎరుపు అన్నిటికన్నా పైది. కూరగాయల మీద ఈ మందు వాడకాన్ని కేంద్ర ప్రభుత్వం 2005లోనే నిషేధించింది. ఇది ఆకు మీద నిలిచి ఉండే మందు కూడా కాదు, మొక్క రసంలోకి ఇంకిపోతుంది. అలా ఇంకిన దాన్ని ఎన్ని నీళ్లు పోసి కడిగినా తీయలేం. పైగా పెరటి బఠాణీని మనం తీగ దగ్గరే నిలబడి ఒలిచి పచ్చిగా నోట్లో వేసుకుంటాం. మీ మనవడు చేయబోయింది అదే. కాబట్టి చల్లవచ్చా అన్న ప్రశ్నకు నా జవాబు ఒక్కటే, వద్దు. మూత తీయలేదన్నారు కదా, కొన్న చోటే తిరిగి ఇచ్చేయండి. డబ్బు వెనక్కి ఇవ్వకపోయినా సరే, సీసా మాత్రం ఇచ్చి రండి. పెరట్లో పారబోయకండి, పక్కనే బావి ఉంది.

ఇక పురుగు. మీరు చెప్పిన గుండ్రని రంధ్రం, తడి పెంట, పచ్చని ఒళ్లు చూస్తే ఇది శనగపచ్చ పురుగు అని ధైర్యంగా చెప్పవచ్చు. ఒంటికి రెండు పక్కలా లేత రంగు చార ఉందేమో గమనించండి. అన్నీ పచ్చగానే ఉండవు, గోధుమ రంగువి, కాస్త గులాబీ ఛాయవి కూడా ఉంటాయి. రంగు వేరని అది వేరే పురుగు అనుకోవద్దు. తల కాయలోకి దూర్చి, ఒళ్లు సగం బయట వేలాడేసి తినడం దీని అలవాటు. ఒక కాయ ముగించి పక్క కాయకు పోతుంది. శనగలో ఒక్క పురుగు తన ఎదుగుదలలో 30, 40 కాయల దాకా పాడుచేయగలదంటారు. మీ రెండు చాళ్లలో పది పురుగులు ఉన్నా ఎంత నష్టమో చూడండి.

మీ ఊళ్లో ఇది ఎందుకింత ఎక్కువో ఊరు దాటి నాలుగు అడుగులు వేస్తే తెలుస్తుంది. ఉరవకొండ చుట్టూ నల్లరేగడి, ఆ రేగడిలో ఈ కాలంలో శనగ. ఆ చేలలో పచ్చపురుగులు ఎదిగి మారిన రెక్కల పురుగులకు మీ ప్రహరీగోడ ఏపాటి? శనగచేను పండి ఎండే కొద్దీ పచ్చగా, లేతగా ఉన్న మొక్కను వెతుక్కుంటూ అవి ఊళ్లోకి వస్తాయి. జనవరి దాటాక కాసే బఠాణీలో పురుగు ఎక్కువ కనబడటానికి ఇదే కారణమని నా అనుభవం. పత్తి, కంది, టమాట, మిరప, బంతి, ఏది దొరికినా బతికే పురుగు ఇది. మందుకు అలవాటుపడటంలోనూ దీనికి సాటి లేదు. 1987లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిని ఇది ఊడ్చిపెట్టినప్పుడు, అప్పటికి కొత్తగా వచ్చిన సింథటిక్ పైరిథ్రాయిడ్ మందులు కూడా దాని మీద పనిచేయలేదు. చేలల్లో ఏళ్ల తరబడి మందు తాగి గట్టిపడిన పురుగును మన పెరట్లో ఒక సీసాతో చంపగలమని అనుకోవడం ఎంత వరకు సబబో మీరే ఆలోచించండి.

అది కాయలోకి ఎలా చేరుతోందో తెలిస్తే మిగతాదంతా తేలిక. రెక్కల పురుగు మసక చీకటి పడ్డాక వస్తుంది. మట్టి రంగులో, బొటనవేలి గోరు కన్నా కొంచెం పెద్దగా ఉంటుంది. కాయల జోలికి పెద్దగా పోదు. లేత చిగురు మీద, మొగ్గ మీద, పూరేకుల మీద ఒక్కో గుడ్డు విడివిడిగా పెడుతూ పోతుంది. అలా ఒక్కటే వందల గుడ్లు పెడుతుంది. రేపు ఉదయం ఎండ ఏటవాలుగా పడే వేళ, ఒక చిగురు కొస తుంచి అరచేతిలో పెట్టుకుని చూడండి. గసగసం గింజలో సగం ఉండే పాలరంగు చుక్క కనబడితే అదే గుడ్డు. భూతద్దం ఉంటే దాని చుట్టూ నిలువు గీతలు కూడా కనిపిస్తాయి. మూడు నాలుగు రోజుల్లో అది నల్లబడి పొదుగుతుంది. అప్పుడు బయటికి వచ్చే పిల్ల దారప్పోగంత ఉంటుంది. మొదట కొన్ని రోజులు చిగురును, పూరేకులను గీరి తింటుంది. కాస్త బలం వచ్చాకే కాయకు కన్నం వేస్తుంది.

మనకు దొరికే వ్యవధి ఆ కొద్ది రోజులే. గుడ్డు పూత మీద ఉన్నప్పుడు గోటితో తీసేయవచ్చు. పిల్ల చిగురు మీద ఉన్నప్పుడు వేప కషాయం పనిచేస్తుంది. కాయలోకి దూరాక కషాయమైనా, చాలా రకాల మందులైనా పైపెంకు మీదే ఆగిపోతాయి, పురుగు లోపల చల్లగా ఉంటుంది. చాలామంది కాయకు రంధ్రం కనబడ్డాక కంగారుపడి మందు కోసం పరిగెత్తుతారు. మీరూ అదే చేశారు, మీ తప్పేమీ లేదు, కంటికి కనబడేది ఆ రంధ్రమే కదా. కానీ కాపలా అంతా మొగ్గ తొడిగిన రోజు నుంచి ఉండాలి.

మీ తీగ ఇంకా పూస్తోంది కాబట్టి ఇప్పుడు కూడా చేయవలసినది చాలా ఉంది. రోజూ ఉదయం పది నిమిషాలు కేటాయించండి. ఒక గిన్నెలో సబ్బు నీళ్లు తీసుకుని చాలు మొదటి నుంచి చివరి దాకా నడవండి. రంధ్రం ఉన్న కాయ ప్రతిదీ కోసి గిన్నెలో వేయండి. గోడ అవతలికి విసిరేస్తే పురుగు దానిలోంచి పాకి మళ్లీ వస్తుంది. ఒక్కో చిగురును కిందికి వంచి ఆకు అడుగు కూడా చూడండి. వారం రోజులు ఇలా చేస్తే పురుగు ఎంత తగ్గుతుందో మీకే తెలుస్తుంది. రెండు చాళ్లకు ఇంతకన్నా నమ్మకమైన పద్ధతి నాకు తెలియదు. పెరట్లో రాత్రంతా దీపం వెలుగుతుంటే ఆర్పేయండి. రెక్కల పురుగులను మనమే పిలుచుకున్నట్టు అవుతుంది. కాయ గింజ పట్టగానే కోసేయండి, ముదిరే దాకా ఉంచితే పురుగుకు గడువు ఇచ్చినట్టే.

దానితో పాటు వేపగింజల కషాయం. పోయిన వేసవిలో ఏరి నీడన ఎండబెట్టిన వేపగింజలు మీ వీధిలో ఎవరి దగ్గరైనా తప్పక ఉంటాయి. పైపెంకు తీసిన పప్పు 50 గ్రాములు దంచి, పలుచని గుడ్డలో మూటకట్టి, లీటరు నీళ్లలో రాత్రంతా నానబెట్టండి. తెల్లవారాక మూటను అదే నీళ్లలో పిసికి పిసికి పిండితే నీళ్లు పాలలా తెల్లబడతాయి. అలా తెల్లబడకపోతే గింజ పాతదైపోయిందని అర్థం, అది వాడినా దండగ. వడకట్టి, ఆకుకు అంటుకోవడానికి కొద్దిగా కుంకుడు రసం కలపండి. సబ్బు కూడా కలపవచ్చు గానీ మన బోరు నీళ్లలో సబ్బు సరిగా నురగ రాదు, కుంకుడుకు ఆ ఇబ్బంది లేదు. సాయంత్రం ఎండ తగ్గాకే చల్లాలి. వేపలో పనిచేసే పదార్థం ఎండకు త్వరగా విరిగిపోతుంది. ఉదయం చల్లిన కషాయం మధ్యాహ్నానికే నీరసపడుతుంది. మొగ్గ దశలో ఒకసారి, తరువాత వారం పది రోజులకు ఒకసారి చల్లండి. చల్లిన మరునాడు పురుగులు చచ్చి రాలతాయని ఎదురుచూడకండి. వేప పురుగుకు తిండి సహించకుండా చేస్తుంది, కుబుసం విడవనివ్వదు. ఫలితం నాలుగైదు రోజులకు కనబడుతుంది. గింజలు దొరక్కపోతే వేపనూనె లీటరుకు 5 మిల్లీలీటర్లు, కుంకుడు రసంలో బాగా గిలకొట్టి కలపండి. కాయలు కోశాకే చల్లండి, మళ్లీ కోతకు మూడు నాలుగు రోజులు ఆగండి. లేకపోతే చేదు కాయకు అంటుతుంది.

పచ్చిమిర్చి, వెల్లుల్లి నూరి చల్లమని కొందరు చెబుతారు. ఘాటు ఎక్కువైతే లేత పూత మాడిపోతుంది. బఠాణీ పూత మీద నేను దాన్ని వాడను, మిమ్మల్ని వాడమని చెప్పను. దుకాణంలోనే ఏదైనా కొనాలనిపిస్తే బి.టి. పొడి అడగండి, బాసిల్లస్ తురింజియెన్సిస్ అనే సూక్ష్మజీవితో తయారైనది. లీటరుకు ఒక గ్రాము కలిపి సాయంత్రం చల్లితే, అది పడిన ఆకు తిన్న చిన్న పురుగులు చస్తాయి. పెద్ద పురుగుల మీద ప్రభావం తక్కువ.

ఇక వచ్చే ఏడుకు నేను మనస్ఫూర్తిగా చెప్పే ఉపాయం దోమతెర. మంచానికి కట్టే నైలాన్ దోమతెర గుడ్డే, మీటర్ల లెక్కన దొరుకుతుంది. దాన్ని బఠాణీ చాలు మీద పందిరిలా వేస్తే రెక్కల పురుగు గుడ్డు పెట్టడానికి చోటే ఉండదు. ఈ మాట చెప్పగానే అందరూ అడిగే ప్రశ్న ఒకటుంది. తేనెటీగలు రాకపోతే కాయ పడుతుందా? గుమ్మడికి, దోసకు అయితే పడదు. బఠాణీకి నిశ్చింతగా పడుతుంది. ఒక పూవు తీసుకుని చూడండి. వెనుక జెండాలా నిలిచే పెద్ద రేక, దాని ముందు రెండు రెక్కలు, వాటి మధ్య మూతపెట్టిన చిన్న పడవ లాంటి రేక. పుప్పొడి, దాన్ని అందుకునే కీలాగ్రం రెండూ ఆ పడవలోనే దాగి ఉంటాయి. పూవు విచ్చుకోకముందే, మొగ్గలోనే వాటి పని అయిపోతుంది. గ్రెగర్ మెండల్ అనే క్రైస్తవ సన్యాసి మఠం తోటలో వారసత్వ ప్రయోగాలకు బఠాణీని ఎంచుకోవడానికి ఒక ముఖ్య కారణం ఇదే, బయటి పుప్పొడి సులభంగా లోపలికి రాదు. 1866లో అచ్చయిన తన వ్యాసంలో ఆయన ఒక చిన్న పెంకు పురుగు గురించి కూడా రాశాడు. అది పూవులో గుడ్లు పెట్టబోయి ఆ పడవను తెరిచేస్తోందని ఆయనకు బెంగ. బఠాణీ పెంచేవారికి పురుగు బెడద అంత పాతది.

తెర కట్టడంలో మూడు జాగ్రత్తలు ఉన్నాయి. మొదటిది, తెర తీగకు ఆనకూడదు. ఆనితే పురుగు బయట వాలి, కన్నాల్లోంచే చిగురు మీద గుడ్డు పెడుతుంది. నాలుగు వైపులా కర్రలు పాతి, తీగ కన్నా జానెడు ఎత్తున కట్టండి. తీగ పాకడానికి లోపల కందికట్టె గుచ్చండి, మన దగ్గర దానికి కొదవ లేదు, కొమ్మలు కొమ్మలుగా ఉంటుంది కనుక బఠాణీ నులితీగలు చక్కగా చుట్టుకుంటాయి. రెండోది, తెర అంచులు నేలలో పూడ్చాలి, లేదా వరసగా రాళ్లు పెట్టాలి. కింద నాలుగు వేళ్ల సందు ఉన్నా దారి దొరికినట్టే. మూడోది చాలామంది మరిచిపోయేది. ఈ పురుగు ఎదిగాక నేలలోకి దిగి, కదలని కోశంగా మారి, అందులోంచి రెక్కల పురుగుగా వస్తుంది. ఈ ఏడు పురుగు పట్టిన చోటే వచ్చే ఏడు తెర కడితే, నేలలోంచి వచ్చిన రెక్కల పురుగు తెర లోపలే చిక్కుకుంటుంది. బయటి శత్రువును ఆపి లోపలి శత్రువుకు విందు పెట్టినట్టు అవుతుంది. అందుకే ఈ కాపు అయిపోగానే తీగలు పీకేసి, ఏప్రిల్, మే నెలల్లో ఆ నేలను జానెడు లోతున తిరగవేసి ఎండకు వదిలేయండి. అనంతపురం ఎండ గురించి మీకు నేను చెప్పాలా? అది మాడ్చినట్టు ఏ మందూ మాడ్చదు. పైకి తేలిన గోధుమ రంగు కోశాలను గోరింకలు కూడా ఏరుకు తింటాయి. వీలైతే బఠాణీ చోటు కూడా మార్చండి.

విత్తే రోజు కూడా ముఖ్యమే. బఠాణీకి చలి కావాలి. ఎండలు తగ్గకముందే అక్టోబరు మొదట్లో విత్తితే లేత మొక్కకు కాండపు ఈగ పట్టి, నడిమి చిగురు వాడి ఎండిపోతుంది. డిసెంబరులో విత్తితే పూత వేళకు ఎండ ముదిరి, శనగచేల నుంచి పురుగు మీద పడుతుంది. అక్టోబరు చివరి వారం మీ ప్రాంతానికి సరైనదని నా లెక్క. అర్కెల్ వంటి తొందరగా కాసే రకం వేస్తే 60, 65 రోజుల్లో మొదటి కోత వస్తుంది, సంక్రాంతి లోపే చాలా మటుకు తినేస్తారు. నేనుండే కడపలో చలి మీకన్నా తక్కువ. ఇక్కడ బఠాణీకి దొరికే కాలం మరీ చిన్నది, ఒక్క వారం ఆలస్యమైనా కాపులో తేడా తెలుస్తుంది. మీరు ఆ విషయంలో అదృష్టవంతులు.

చిగుళ్ల మీద ఉన్నది పేనుబంక. పచ్చపురుగుతో పోలిస్తే దీనికి బెదరనక్కరలేదు, అలాగని వదిలేయకూడదు. ఇవి గుడ్లతో, జతతో పనిలేకుండా నేరుగా పిల్లలను కంటాయి. అందుకే సోమవారం పది ఉంటే ఆదివారానికి చిగురంతా నిండిపోతాయి. రసం పీల్చి, జిగట కారుస్తాయి, ఆ జిగట కోసం చీమలు చేరతాయి. ఉదయం పూట సన్నని నీటి ధారతో చిగురును కడిగేయండి, కింద పడిన పేను చాలావరకు తిరిగి ఎక్కలేదు. మరీ కిక్కిరిసి ఉన్న కొసలను తుంచి సబ్బు నీళ్లలో ముంచండి. చాలా చోట్ల ఇంతటితో సరిపోతుంది.

ఇక్కడ ఒక్క మాట గట్టిగా చెప్పాలి. పేను ఉన్న చిగురు మీద నల్లగా, సాగిన ఒంటితో, నారింజ రంగు మచ్చలతో, చిన్న మొసలిలా పాకే పురుగు కనబడవచ్చు. దాన్ని చంపకండి. అది అక్షింతల పురుగు పిల్ల. నేను బఠాణీ వేసిన మొదటి ఏడు అవేమిటో తెలియక, మొక్కను తినేవే అనుకుని, కనబడిన ప్రతిదాన్నీ నలిపేశాను. ఆ ఏడు పేను నా తీగలను ఎండబెట్టేసింది. ఎందుకలా జరిగిందో రెండేళ్ల తరువాత, ఒక ఉదయం ఆ పిల్ల ఒక పేనును ముందు కాళ్లతో పట్టుకుని పీల్చి, తొక్క వదిలేసి, పక్కదాన్ని అందుకోవడం కళ్లారా చూశాక అర్థమైంది. ఆ బాధ ఇప్పటికీ ఉంది. దోమతెర కట్టినవారు ఇది ఇంకా గుర్తుంచుకోవాలి. తెర కన్నాల్లోంచి పేను దూరుతుంది, అక్షింతల పురుగు దూరలేదు. కాబట్టి తెర కట్టి నిశ్చింతగా కూర్చోకుండా రెండు రోజులకు ఒకసారి అంచు ఎత్తి చిగుళ్లు చూడండి. పేను కనబడితే పక్క చిక్కుడు మీది అక్షింతల పురుగులు నాలుగు తెచ్చి లోపల వదలండి.

ఆకుల మీద తెల్లటి వంకర గీతలు కనబడితే అది పాముపొడ. కింది ఆకులు గిల్లి పారేస్తే చాలు. పూలను, కాయలను గూడులా అల్లి లోపల తింటుంటే మరుకా మచ్చల పురుగు, ఆ గూడును గూడుగానే తుంచేయాలి. నీలి రంగు చిన్న సీతాకోకచిలుకలు తీగ చుట్టూ తిరుగుతుంటే ముచ్చటపడకండి. వాటి పిల్లలు కూడా కాయలో చేరేవే, చదునుగా, నత్తలా ఉంటాయి, పక్కన చీమలు తచ్చాడుతుంటాయి. ఉదయపు పది నిమిషాల్లో వీటన్నిటి పనీ అయిపోతుంది.

డబ్బాలో బఠాణీలు పుచ్చడం పచ్చపురుగు పని కాదు. అది పుచ్చుపురుగు, గోధుమ రంగులో మినపగింజలో సగం ఉండే పెంకు పురుగు. గింజల మీద అంటించినట్టు తెల్లటి చుక్కలు ఉన్నాయా? అవే దాని గుడ్లు. చేలో కాయ ఎండే దశలోనే కొన్ని గింజల మీద గుడ్లు పడతాయి. మనం శుభ్రంగా ఉందనుకుని డబ్బాలో పోస్తాం, లోపల పిల్ల గింజను తొలుస్తూ పెరుగుతుంది, మన వేడికి నెల తిరిగేసరికి గుండ్రని కిటికీ కోసుకుని బయటికి వస్తుంది. ఒక్క డబ్బాతో ఆగదు. కందులు, పెసలు, అలసందలు, శనగలు ఏవి పక్కన ఉన్నా వాటికీ ఎక్కుతుంది. కాబట్టి ఆ డబ్బాను ఇంట్లోంచి తీసి, గింజలు పెరట్లో లోతుగా పూడ్చేయండి లేదా కాల్చేయండి. డబ్బాను వేడి నీళ్లతో కడిగి ఎండబెట్టండి. పుచ్చిన గింజ విత్తితే కొన్ని మొలవవచ్చు గానీ మొలక బలహీనంగా ఉంటుంది. విత్తనానికి పనికిరాదు.

ఈసారి విత్తనానికి మంచి తీగలు నాలుగు గుర్తుపెట్టి, కాయ తీగ మీదే ఎండనివ్వండి. గలగలమన్నాక ఆలస్యం చేయకుండా కోసి ఒలవండి. రెండు మూడు రోజులు ఎండలో పలుచగా ఆరబోయండి, పంటితో కొరికితే టక్కుమని పగలాలి. కిలోకు ఒక చెంచా, అంటే 5 మిల్లీలీటర్ల ఆముదం లేదా వేరుశనగ నూనె వేసి ప్రతి గింజకూ అంటేలా చేత్తో రుద్దండి. నూనె పూత ఉన్న గింజ మీద పెట్టిన గుడ్డు చాలావరకు పొదగదు. మన పెద్దలు కందులకు ఎర్రమట్టి పట్టించి ఎండబెట్టేది కూడా పురుగు నుంచి కాపాడుకోవడానికే. ఫ్రిజ్ ఉంటే ఇంకో మార్గం. బాగా ఎండిన గింజలను గాలి చొరని డబ్బాలో పోసి, గడ్డకట్టే అరలో వారం రోజులు ఉంచండి. గుడ్డూ, పురుగూ రెండూ చస్తాయి. తీశాక వెంటనే మూత తెరవకండి. డబ్బా మామూలు వేడికి వచ్చేదాకా ఆగాలి, లేకపోతే గింజలకు చెమ్మ పడుతుంది.

మీ మనవడి సంగతి. ఒలిచిన గింజలను కాస్త ఉప్పు వేసిన నీళ్లలో పావుగంట ఉంచండి. కంట పడకుండా తప్పించుకున్న చిన్న పురుగు ఉంటే పైకి తేలుతుంది. కానీ ఆ పిల్లవాడికి పురుగు లేని గింజ ఇవ్వడం కన్నా, పురుగును వెతికే పని అప్పజెప్పడం మంచిదని నాకనిపిస్తోంది. గసగసం గింజలో సగం ఉండే గుడ్డు మీ కళ్లకు, నా కళ్లకు అంత సులువుగా ఆనదు. వాడి కళ్లకు ఆనుతుంది. ఉదయం బడికి పోయే ముందు ఒక భూతద్దం చేతికిచ్చి చాలు వెంట నడిపించండి. ఎన్ని గుడ్లు తీశాడో గోడ మీద సుద్దముక్కతో గీతలు గీయమనండి.

అన్నిటికన్నా ముందు ఆ సీసా. దుకాణంలో తిరిగి ఇచ్చేశాక నాకు ఒక కార్డు ముక్క రాయండి, నా మనసు కుదుటపడుతుంది.